సినిమా కథాసంగ్రహంలో ఎంత చెప్పాలి, ఎక్కడ ఆపాలి?

ప్రశ్న: సాగరతీరం (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మా కాలనీ సంక్షేమ సంఘం వారు వచ్చే నెల నుంచి ఆదివారం సాయంత్రాలు కమ్యూనిటీ హాలులో తెలుగు సినిమాలు ప్రదర్శించాలని నిర్ణయించి, ఒక్కొక్క సినిమాకు నాలుగైదు వాక్యాల కథాసంగ్రహం రాసి ముందుగా కరపత్రంగా పంచే బాధ్యతను నాకు అప్పగించారు. వంశీ ‘అన్వేషణ’ (1985), చంద్రశేఖర్ యేలేటి ‘అనుకోకుండా ఒక రోజు’ (2005), రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ (1992), జంధ్యాల ‘అహ నా పెళ్లంట’ (1987), బాలచందర్ ‘మరో చరిత్ర’ (1978) ఇప్పటికి ఖరారయ్యాయి. ఒక్కొక్కటి ఒక్కో తరహా సినిమా కనుక, కథను ఎక్కడ ఆపాలన్నది ఒకే సూత్రంతో తేలేలా లేదు. ముఖ్యంగా ‘మరో చరిత్ర’ ముగింపు మన ఊళ్లో పెద్దవాళ్లకు తెలిసినదే. చదువుల కోసం ఇక్కడికి వచ్చిన పిల్లలకు చాలామందికి తెలియదు. ఎవరిని దృష్టిలో పెట్టుకుని రాయాలి?

జవాబు: పాటల పుస్తకం

సాగరతీరం గారూ, మీ ప్రశ్నకు సగం సమాధానం ఒకప్పుడు సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాల్లో ఉంది. వాటిలో పాటలతో పాటు కథ కూడా ఉండేది. నాయికానాయకులు ఎవరు, వారికి వచ్చిన ఇబ్బంది ఏమిటి అన్నంత వరకు ఓపికగా చెప్పుకొచ్చి, చిక్కుముడి బిగుసుకున్న చోట ‘శేషం వెండితెరపై చూడండి’ అని ఆపేసేవారు. ప్రేక్షకుడి మనసులో ప్రశ్న పూర్తిగా తయారైన చోటే ఆ రచయితలు కలం ఎత్తేవారు తప్ప, పుటలు లెక్కపెట్టుకుని కాదు.

థ్రిల్లర్‌కు ఇది చక్కగా సరిపోతుంది. ‘అన్వేషణ’లో సంగీతానికీ పక్షుల కూతలకూ ఉన్న సంబంధంపై పరిశోధన చేయడానికి ఒక యువతి అడవికి వస్తుంది. అక్కడ మనుషులు వరుసగా చనిపోతుంటారు. పులి చంపుతోందని అందరూ నమ్ముతారు. మీ సంగ్రహం అక్కడితో ముగియాలి. ‘నిజంగా పులేనా?’ అని చివర ఒక ప్రశ్న తగిలించాలని చేతికి దురద పుడుతుంది కానీ, అలా అడిగితే కాదని చెప్పేసినట్టే. కార్తీక్ పాత్రను కూడా ‘ఒక యువకుడు’ అని మాత్రమే పేర్కొనండి; అతని ఉద్యోగం ఏమిటో రాయవద్దు. ‘అనుకోకుండా ఒక రోజు’కు మీరు పెద్దగా శ్రమపడనక్కరలేదు. ఒక పార్టీకి వెళ్లివచ్చిన అమ్మాయికి తన జీవితంలో ఒక రోజు ఏమైందో తెలియదని, ఆ తరువాత ఎవరో తనను చంపాలని చూస్తున్నారని రాస్తే చాలు.

జవాబు: రెండో ఆట

పై సూత్రం భయానక చిత్రాలకు పనికిరాదని నా అభిప్రాయం. దెయ్యం సినిమాలో ఏం జరుగుతుందో ముందే తెలిసినా భయం పోదు. ఎందుకు జరుగుతోందో తెలిస్తే పోతుంది. అందువల్ల ‘రాత్రి’ విషయంలో కొత్త ఇంట్లోకి మారిన కుటుంబం గురించి, కారు కింద పడి చనిపోయిన పిల్లికూన మళ్లీ కనిపించడం గురించి నిర్భయంగా రాయవచ్చు. రేవతి ప్రవర్తన మారడం వరకు కూడా చెప్పవచ్చు. ఆ ఇంటి వెనుకటి చరిత్రను మాత్రం ముట్టుకోకూడదు. మున్ముందు ‘ఆనందో బ్రహ్మ’ (2017) వేసే ఆలోచన ఉంటే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అందులో దెయ్యాలే మనుషులకు భయపడతాయి కనుక, ఆ తిరకాసును మొదటి వాక్యంలోనే చెప్పకపోతే మామూలు దెయ్యాల సినిమా అనుకుని సగం మంది రారు.

హాస్యచిత్రానికి కథ చెప్పడం అన్నింటికంటే కష్టమైన పని. ‘అహ నా పెళ్లంట’ కథ ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: పరమ పిసినారి కూతురిని ప్రేమించిన యువకుడు ఆ మామగారి మెప్పు కోసం ఆయనను మించిన పిసినారిగా నటిస్తాడు. ఇందులో నవ్వు వచ్చేదేమీ లేదు. అలాగని కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి దాన్ని చూస్తూ అన్నం తినే సన్నివేశాన్ని కరపత్రంలోకి ఎక్కించవద్దు. అందరికీ తెలిసినదే కదా అని కొందరు సలహా ఇస్తారు, వినకండి. పిసినారికి పిసినారి ఎదురుపడ్డాడన్న పోటీని చెప్పి వదిలేయండి.

జవాబు: భీమిలి దారి

‘మరో చరిత్ర’ గురించి పాటల పుస్తకం గారితో నేను ఏకీభవించలేకపోతున్నాను. ప్రేమకథను చిక్కుముడి దగ్గర ఆపితే, ‘వీళ్లు కలుస్తారా, లేదా’ అన్న ఒక్క ప్రశ్నే మిగిలి, అది కూడా థ్రిల్లర్‌లా కనిపిస్తుంది. ఈ కథకు ప్రాణం పెద్దలు పెట్టిన షరతులో ఉంది: ఏడాది పాటు కలుసుకోకూడదు, ఉత్తరాలు రాసుకోకూడదు, ఆ తరువాత కూడా ప్రేమ నిలిస్తే పెళ్లి. బాలచందర్ గారే 1981లో దీన్ని హిందీలో ‘ఏక్ దూజే కే లియే’గా తీసినప్పుడు విశాఖలో జరిగే కథను గోవాకు తరలించారు, తెలుగమ్మాయి స్థానంలో ఉత్తరాది అమ్మాయి వచ్చింది, షరతు మాత్రం అలాగే ఉండిపోయింది. సముద్రం ఒడ్డున ఏ ఊరైనా ఈ కథకు సరిపోతుందన్నమాట. విశాఖవాసిగా ఈ వాక్యం రాయడం నాకు కొంచెం కష్టంగానే ఉంది.

కనుక షరతును పూర్తిగా రాయండి. ఇది విషాదాంతమని కూడా చెప్పండి. ఎలా అన్నది చెప్పవద్దు. పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలకు ఆ మాత్రం ముందే తెలియాలి.

జవాబు: పాటల పుస్తకం

షరతు గురించి మీరు చెప్పినది న్యాయంగానే ఉంది. ‘విషాదాంతం’ అన్న మాట మాత్రం కథాసంగ్రహంలో వద్దు. తల్లిదండ్రులకు సూచన అవసరమైతే హాలు గుమ్మం దగ్గర బోర్డు మీద రాయవచ్చు. అడగనివారికి కథ చెప్పినట్టు ఉండదు.

జవాబు: సాగరతీరం

అందరికీ ధన్యవాదాలు. బోర్డు ఆలోచన నాకు నచ్చింది, సంఘం వారితో మాట్లాడతాను. ‘మరో చరిత్ర’కు ఇలా రాశాను:

‘విశాఖపట్నంలో పక్కపక్క ఇళ్లలో ఉండే తమిళ యువకుడు బాలు, తెలుగమ్మాయి స్వప్న ప్రేమించుకుంటారు. రెండిళ్ల వారికీ ఒకరంటే ఒకరికి పడదు. ఏడాది పాటు ఒకరినొకరు చూడకుండా, ఉత్తరమైనా రాయకుండా ఉండగలిగితే పెళ్లి చేస్తామని పెద్దలు షరతు పెడతారు. బాలు హైదరాబాదు వెళతాడు.’

జవాబు: రెండో ఆట

హైదరాబాదు దగ్గర ఆపడం బాగుంది. అక్కడ అతనికి పరిచయమయ్యే మాధవి పాత్ర పేరెత్తకపోవడం ఇంకా బాగుంది. ఇది నలుపు తెలుపు చిత్రమని మాత్రం కింద ఒక ముక్క చేర్చండి. లేకపోతే ప్రొజెక్టరు చెడిపోయిందేమోనని మధ్యలో ఎవరో ఒకరు లేచి అడుగుతారు.