రోళ్లపాడు పిల్లిగద్దలకు రింగులు వేయాలా, వద్దా?

నల్లరేగడి:
మన కర్నూలు జిల్లా రోళ్లపాడు అభయారణ్యంలో చలికాలపు వలస గద్దలు, పిల్లిగద్దలు దిగాయి. పొద్దు గూకే వేళకు గడ్డి మీద మనిషెత్తు కూడా లేకుండా తిరిగి తిరిగి, ఒక్కొక్కటే గడ్డిలోకి జారి పడుకుంటున్నాయి. వాటిని వలేసి పట్టి, ఎక్కడి నుంచి ఎక్కడికి పోతాయో తెలిసేలా కాళ్లకు నంబరు రింగులు వేద్దామని, అనుమతికి అర్జీ పెడదామని మా వాళ్లు కొందరు అంటున్నారు. నేను ఒప్పుకోను. దూరం నుంచి చూసి లెక్క రాసుకుంటే చాలదా? అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. పట్టుకున్న ఆ పక్షి బతికిందా?

తూనిక:
బతకలేదు. కానీ దాన్ని చంపింది రింగు కాదు కదా! రాత్రిపూట వేటగాళ్లు పట్టుకున్న పిట్ట అది. అది దొరకబట్టే లంకమల్ల అభయారణ్యం వచ్చింది, తర్వాత ఆ పిట్ట ఉండే చోటు పాడవకుండా తెలుగుగంగ కాలువ దారీ మార్చారు.

ఇక రింగు. పిల్లిగద్ద మూడు వందల గ్రాములు అటూ ఇటూ తూగుతుంది. అల్యూమినియం రింగు మూడు గ్రాములు దాటదు, అంటే ఒక శాతం లోపే. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1927 నుంచీ ఈ పని చేస్తోంది. ఇక్కడ చలికాలం గడిపే గద్ద కజకిస్తాన్ మైదానాల్లో గూడు పెడుతుందని బైనాక్యులర్లో చూస్తే తెలుస్తుందా?

మ్యాపు_మాస్టారు:
రోళ్లపాడు నంద్యాల జిల్లా. 2022 నుంచి.

నల్లరేగడి:
మూడు గ్రాములేనా? నీ కాలికి కట్టుకుని ఆరు నెలలు తిరుగు.

తూనిక:
నా బరువు డెబ్బై కిలోలు. ఒక శాతం ఏడు వందల గ్రాములు. నా బూట్లే అంతకన్నా ఎక్కువ. రోజూ తిరుగుతున్నా.

గొర్లోళ్ల_పిల్లోడు:
మీ గ్రాముల లెక్క బాగుండాది అన్నా. మా గొర్రెలు కంచె దాటినాయని మా నాయనకు జరిమానా రాసినారు. అదే వారం కెమెరాలోళ్ల జీపు గడ్డి నడుమకు పోయింటే అడిగినోడు లేడు. మా శనగ చేను రాత్రిళ్లు జింకలపాలు. పరిహారం కోసం మా నాయన తిరగని ఆఫీసు లేదు.

నల్లరేగడి:
తమ్ముడూ, ఇక్కడ మాట్లాడేది పక్షుల గురించి. అది పక్షుల జాగా. మేపి మేపి గడ్డి నాశనం చేసింది ఎవరు?

గొర్లోళ్ల_పిల్లోడు:
ఎవరా? బట్టమేక పిట్ట మా తాత మందల పక్కనే మేసేదంట. 1988లో అభయారణ్యం అన్నారు, కంచె ఏసినారు. ఇప్పుడు బట్టమేక యాడుంది చూపియ్యండి. బయట చేన్లకు నీళ్లొచ్చినాయి, పంటలు మారినాయి, మందులు కొట్టబట్టిరి. మీ గద్దలు కంచె లోపలికొచ్చేది పండుకునేకి. పొద్దంతా మిడతల్ని ఏరుకు తినేది మా చేన్లలోనే.

తూనిక:
నేను మొత్తుకునేదీ అదే! ఏ చేనులో తింటోందో తెలియాలంటే రింగు కూడా చాలదు, సాటిలైట్ ట్యాగు వేయాలి.

గొర్లోళ్ల_పిల్లోడు:
నన్నడిగితే చెప్పనా?

నల్లరేగడి:
సరే, ఉన్నమాట చెప్తాను. రింగు బరువు గురించి కాదు నా బాధ. అనుమతి వచ్చిందంటే వలల వెనకాలే ఇరవై కెమెరాలు వస్తాయి. పడుకునే వేళకు టార్చిలు వేస్తే ఆ గద్దలు మళ్లీ అక్కడ దిగుతాయా?

తూనిక:
మరి నువ్వు సాయంత్రం అక్కడికి పోయి ఏం చేస్తున్నట్టు?

నల్లరేగడి:
నేను రోడ్డు మీదే నిలబడతాను. ఇంకోసారి అలా అంటే బాగుండదు.

మ్యాపు_మాస్టారు:
జిల్లా పేరు ఇంకా దిద్దలేదు.

గొర్లోళ్ల_పిల్లోడు:
మీరిద్దరూ కొట్టుకోవద్దండి. ఆ అర్జీలో ఎండాకాలం మేతకు మమ్మల్ని రానియ్యాలని ఒక లైను రాయండి. మా ఊరోళ్లందరితో సంతకాలు పెట్టిస్తా.

తూనిక:
మేత మాట కలిపితే అర్జీ మొదటి బల్ల దగ్గరే ఆగిపోతుంది తమ్ముడూ.

గొర్లోళ్ల_పిల్లోడు:
ఆగనీ. మాదైతే ఎప్పటి నుంచో ఆడనే ఉండాది.