నీలాంకరైలో పూల్: ఖాళీ చేసినప్పుడు తేలకుండా ఏం చేయాలి?

చెన్నైలో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) పక్కన, ఇసుక నేల. పూల్ లోపలి కొలత 6 × 3 మీటర్లు, లోతు 1.2, గోడలు, అడుగు 20 సెం.మీ. కాంక్రీటు. నవంబరు వానలకి ఊట దాదాపు నేలమట్టానికి వస్తుంది. కాంక్రీటు బరువు సుమారు 21 టన్నులు, ఊటనీరు పైకి నెట్టేది 30. అంటే అప్పుడు ఖాళీ చేస్తే తొట్టి లేస్తుంది!

అడుగున కంకర, హైడ్రోస్టాటిక్ వాల్వ్ (కింద ఊటనీటి ఒత్తిడి పెరిగితే తెరుచుకుని నీటిని పూల్‌లోకి వదిలేది) చాలా? ఇసుక చేరి వాల్వ్ ఇరుక్కుపోతే ఎలా? లేక అడుగు స్లాబును చుట్టూ అర మీటరు పొడిగించి, పైన మట్టి బరువు వేయాలా? నాకు రెండోదే నమ్మకంగా ఉంది. కంకర కింద జియోటెక్స్‌టైల్ (ఇసుకను ఆపి నీటిని వదిలే గుడ్డ) వేసినవాళ్లు ఏ సైజు కంకర వాడారో చెప్పండి.

చుట్టూ నల్ల కడప రాయి వద్దనుకున్నాం, ఎండకి కాళ్లు కాలతాయి. నిచ్చెన 316 గ్రేడు స్టీలుదే. ఉప్పుగాలికి 304 మీద తుప్పు మచ్చలొస్తాయి.