ఏడడుగుల తొమ్మిది అంగుళాలంటే 7.9 అడుగులు కాదు

అందరికీ నమస్కారం. విజయవాడ నుంచి జర్మనీలోని స్టుట్‌గార్ట్ వచ్చి నెల అయింది. ఎట్టకేలకు ఇల్లు దొరికింది. ఒప్పందంలో 62 చదరపు మీటర్లు అని రాశారు. వంటగదిలో నీళ్ల గొట్టాలు, కరెంటు ప్లగ్గులు తప్ప ఏమీ లేవు. గట్టు, అల్మరాలు, పొయ్యి అన్నీ మేమే కొనుక్కోవాలట. ఊరి నుంచి తెచ్చుకున్న టేపుతో గదులన్నీ అడుగుల్లో కొలిచి పెట్టుకున్నాను. దుకాణాలకు వెళ్తే ప్రతిదీ సెంటీమీటర్లలోనే ఉంది. అడుగులను 0.3తో గుణించుకుంటే సరిపోతుందా? వచ్చే నెల మా ఆవిడ, అమ్మ వస్తున్నారు. కర్టెన్లు, దుప్పట్లు తేవాలా అని రోజూ అడుగుతున్నారు. తెలిసినవారు చెప్పగలరు.

మ్యూనిక్ నుంచి:

తమ్ముడూ, నాకంటే చిన్నవాడివనే అనుకుని చనువుగా రాస్తున్నాను. 0.3 మాటల్లో చెప్పుకోవడానికి బాగుంటుంది, సామాను కొనడానికి పనికిరాదు. అడుగంటే కచ్చితంగా 0.3048 మీటరు. 1959లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాలు కలిసి గజాన్ని 0.9144 మీటరుగా ఖాయం చేసుకున్నాయి. అందులో మూడో వంతు అడుగు. అంగుళం సరిగ్గా 2.54 సెంటీమీటర్లు. 0.3తో లెక్కవేస్తే పదడుగుల గోడకే దాదాపు 5 సెంటీమీటర్లు తేడా వస్తుంది.

ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. మనం ‘ఫైవ్ పాయింట్ ఎయిట్’ అని ఎత్తు చెప్పుకుంటాం. అది ఐదడుగుల ఎనిమిది అంగుళాలని మనకు తెలుసు, ఫోనులోని లెక్కల యంత్రానికి తెలియదు. అడుగుకు పన్నెండు అంగుళాలు కాబట్టి ఎనిమిది అంగుళాలు 0.8 అడుగు కావు, 0.67 అడుగు అవుతాయి.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మేం వచ్చిన కొత్తలో మావారు వంటగది గోడను మన టేపుతో కొలిచి ఏడడుగుల తొమ్మిది అంగుళాలని కాగితం మీద ‘7.9’ అని రాశారు. నేను ఆ అంకెను 30.48తో గుణించాను. 241 సెంటీమీటర్లు వచ్చింది. ఇక్కడ వంటగది అల్మరాలు ఎక్కువగా 60 సెంటీమీటర్ల వెడల్పుతో వస్తాయి. నాలుగు పెడితే 240, సెంటీమీటరు కూడా మిగులుతుందని సంబరపడి తెప్పించాం. మూడు బిగించాక నాలుగోది గోడకూ మూడో అల్మరాకూ మధ్య వాలుగా ఇరుక్కుని నిలబడింది. అసలు గోడ 93 అంగుళాలు, అంటే 236 సెంటీమీటర్లు. నాలుగు సెంటీమీటర్లు చాలలేదు. దాన్ని వెనక్కి పంపి 50 సెంటీమీటర్లది తెప్పించుకునేదాకా మూడు వారాలు ఒక్క ఇండక్షన్ పొయ్యి మీద, కిటికీ గూట్లో పెట్టుకుని వండాను. మూలన మిగిలిన ఆరు సెంటీమీటర్ల సందుకు కొట్టిన చెక్క పట్టీ ఇప్పటికీ ఉంది.

అందుకే నా మాట విను. ముందు అన్నిటినీ అంగుళాల్లోకి మార్చు, తర్వాత 2.54తో గుణించు. ఇంకా మంచిది, ఆ టేపు పెట్టెలో పెట్టేసి ఇక్కడి మడత కొలబద్ద కొనుక్కో. రెండు మీటర్ల పొడవు, పది మడతలు, ఒక్కో మడత 20 సెంటీమీటర్లు. దాన్ని జర్మన్లు ‘జోల్‌స్టాక్’ అంటారు, అంటే అంగుళాల కర్ర! పేరులో అంగుళం మిగిలింది, కర్ర మీద మాత్రం సెంటీమీటర్లే. ఇక్కడి వారూ టీవీ తెరను, సైకిలు చక్రాన్ని ఇప్పటికీ అంగుళాల్లోనే చెబుతారు.

ఇంటి వైశాల్యం సంగతి. చదరపు మీటరుకు 10.76 చదరపు అడుగులు, కాబట్టి 62 అంటే సుమారు 667. ఊళ్లో వెయ్యి పైచిలుకు అడుగుల ఫ్లాట్లో ఉండి వస్తే ఈ అంకె చూసి గుండె జారుతుంది. కానీ అక్కడ మనకు చెప్పే అంకెలో చాలాసార్లు గోడలు, మెట్లు, లిఫ్టు, వరండాలలో మన వాటా కలిపి ఉంటుంది. ఇక్కడ నివాస వైశాల్యమంటే గోడల మధ్య నేల. బాల్కనీ ఉంటే సాధారణంగా దానిలో పావు వంతే లెక్కలోకి వస్తుంది, నేలమాళిగ గది అసలు రాదు. పైకప్పు వాలుగా ఉన్నచోట రెండు మీటర్ల కంటే ఎత్తు తగ్గితే సగం, ఒక మీటరు కంటే తగ్గితే సున్నా. కాబట్టి నీ పాత ఇంటి కార్పెట్ ఏరియాతోనే పోల్చు, మీ ఆవిడకు కూడా అదే చెప్పు. లేకపోతే ఫోనులోనే దిగులుపడుతుంది.

మీటరు మనకు కొత్తదేమీ కాదు. స్థలాన్ని గజాల్లో, ఇంటిని అడుగుల్లో, పూలదండను మూరల్లో కొన్నా, గుడ్డను మీటర్లలోనే కొంటాం. చీర ఐదున్నర మీటర్లు. మా అత్తగారు వచ్చినప్పుడు హాలు ఎంత పొడవని అడిగితే నేనేమీ చెప్పలేదు, ఒక నేత చీర తీసి ఈ గోడ నుంచి ఆ గోడకు నేల మీద పరిచాను. జానెడు కొంగు మిగిలింది. ఆవిడ ‘ఓ, ఇంతుందా’ అని వెంటనే సోఫా ఎక్కడ వేయాలో చెప్పేశారు.

హాంబర్గ్ నుంచి:

పైన అక్కయ్యగారు చెప్పినదానికి రెండు మాటలు కలుపుతున్నాను. మీ నివాస అనుమతి కార్డు వెనక ఎత్తు సెంటీమీటర్లలో ముద్రిస్తారు. ఐదడుగుల ఎనిమిది అంగుళాలైతే 173. 5.8 అని కొట్టి లెక్కవేసినవారు 177 అని చెప్పేస్తారు, ఆ కార్డు ఏళ్ల తరబడి మన జేబులో ఉంటుంది. రెండోది, ఇక్కడ దశాంశానికి చుక్క కాదు, కామా వాడతారు. 2,40 అంటే రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లు.

మళ్లీ మ్యూనిక్ నుంచి:

కర్టెన్ల మాట మరిచాను. మన దగ్గర తలుపుకు ఏడడుగులవి దొరుకుతాయి, అంటే 213 సెంటీమీటర్లు. మీ ఇంటి పైకప్పు రెండున్నర మీటర్ల ఎత్తుంటే, పైనుంచి వేలాడదీసినవి నేలకు జానెడున్నర ఎత్తులోనే ఆగిపోతాయి. తెస్తే తొమ్మిదడుగులవే తెమ్మను, 274 సెంటీమీటర్లు. అడుగు భాగం మడిచి కుట్టుకోవచ్చు. దుప్పట్లు తెచ్చుకోవచ్చు. 90 అంగుళాలకు 108 అంగుళాలవి 229కి 274 అవుతాయి, ఇక్కడి 180కి 200 మంచం మీద చక్కగా పరుచుకుంటాయి. పరుపు మాత్రం ఇక్కడే కొనండి.

స్టుట్‌గార్ట్ నుంచి:

అక్కా, మీరు చెప్పిన కొలబద్ద ఇవాళ తెచ్చాను. మన టేపుతో పదడుగుల నాలుగు అంగుళాలు వచ్చిన గోడ దీంతో 3,14 చూపిస్తోంది. లెక్కవేస్తే 315 రావాలి. ఏది నమ్మాలి?

మ్యూనిక్ నుంచి:

రెండూ నిజమే అయి ఉండవచ్చు తమ్ముడూ. గోడలు నిటారుగా ఉండవు, ముఖ్యంగా పాత ఇళ్లలో. నేల దగ్గర ఒకసారి, నడుమెత్తున గట్టు వచ్చేచోట ఒకసారి, పై అల్మరాల ఎత్తులో ఒకసారి కొలువు. మూడింటిలో ఏది తక్కువైతే ఆ అంకెనే దుకాణంలో ఇవ్వు. ఫ్రిజ్ మూలన పెడుతున్నావంటే గోడకు నాలుగైదు సెంటీమీటర్లు వదులు, లేకపోతే తలుపు పూర్తిగా తెరుచుకోదు, కూరగాయల సొరుగు బయటకు రాదు. కొలతలు కాగితం మీద రాసి ఫొటో తీసి ఇక్కడ పెట్టు, డబ్బు కట్టేముందు నేనూ ఒకసారి చూస్తాను.