దిండిలో రోజు అద్దె ఇళ్లు: గ్రామసభలో ఏం అడగాలి?

ప్రశ్న: కోనసీమలో దిండి, రాజోలు వైపు ఇంటి వాటాలు పర్యాటకులకు రోజు అద్దెకు పోతున్నాయి. టీచర్లకు, నర్సులకు నెల అద్దెకు ఇల్లు దొరకడం కష్టమవుతోంది. తీర్మానంలో ఏం పెట్టించాలి?

జవాబు: మొత్తం ఆపమనకండి. యజమాని అదే ఇంట్లో ఉంటూ గదులిస్తే హోమ్‌స్టే. కేంద్ర పర్యాటక శాఖ పథకంలో 1 నుంచి 6 గదులకే గుర్తింపు. ఖాళీ ఇల్లంతా ఇవ్వడం వేరే వ్యాపారం. ఈ రెంటినీ విడగొట్టకపోతే ఒక గది ఇచ్చుకునే పెద్దవాళ్లే నలుగుతారండి.

జవాబు: సెప్టిక్ ట్యాంకు సంగతీ రాయండి. డెల్టాలో భూగర్భ నీరు పైపైనే ఉంటుంది. నలుగురికి కట్టిన ట్యాంకు పదిమంది వాడితే పొంగి పంటకాలువలో కలుస్తుంది. ఇంకోటి, విదేశీయులు దిగితే ఇల్లిచ్చినవాళ్లు 24 గంటల్లో విదేశీయుల నమోదు అధికారికి ఆన్‌లైన్‌లో తెలపాలి.

జవాబు: అద్దెకున్నవాళ్లు కాగితం లేకుండా ఉండొద్దు. ఒప్పందం లేని నెలవారీ అద్దెను ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసుతో ముగించొచ్చు. 11 నెలల అగ్రిమెంటులో, గడువులోపు ఖాళీ చేయించకూడదన్న షరతు తప్పక రాయించుకోండి.