గది వెచ్చబెట్టింది ఫ్రాంక్లినా, రమ్‌ఫోర్డా?

పొగచూరు:
1744లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఊరూవాడా చాటిన పెన్సిల్వేనియా ఫైర్‌ప్లేస్ తెలివైనదే కానీ, ఇంట్లో వాడటానికి కష్టమైనదని నా వాదన. అదొక పోత ఇనుప పెట్టె, లోపల కట్టెలు కాల్చి గది వెచ్చబెట్టుకునే పొయ్యి. పొగ లోపల పైకి లేచి, వెనక వైపు కిందికి దిగి, నేల అడుగున నడిచి, అప్పుడు పొగగొట్టం ఎక్కాలి. దిగమంటే పొగ దిగుతుందా? గొట్టం బాగా వేడెక్కితే తప్ప లాగదు. పొద్దున్నే రాజేసేవాళ్ల కళ్లు మండాల్సిందే.

కట్టెలమోపు:
అంత తీసిపారేయకండి. పాత పొయ్యిల్లో సెగ చాలావరకు గొట్టంలోకే పోయేది. మంట గదిలో గాలిని లాగేస్తుంటే తలుపు సందుల్లోంచి చలిగాలి వచ్చేది. ముఖానికి చెమట, వీపుకి వణుకు! ఫ్రాంక్లిన్ బయటి గాలిని లోపలి అరల్లో తిప్పి, వేడెక్కించి పక్క రంధ్రాల్లోంచి గదిలోకి వదిలాడు. పేటెంట్ ఇస్తామన్నా వద్దన్నాడు. లండన్‌లో ఎవరో ఇనుప సామాన్ల వ్యాపారి అందులో చిన్న చిన్న మార్పులు చేసి పేటెంట్ కొట్టేశాడు, అది వేరే కథ.

బోస్టన్ బావ:
పేటెంట్ వద్దంటే పొగ తగ్గదు కదండీ. మా అద్దె ఇల్లు పాతది, రమ్‌ఫోర్డ్ అనే శాస్త్రవేత్త చెప్పిన తరహా పొయ్యి. టేపు పెట్టి కొలిచాను: ముందు వెడల్పు 39 అంగుళాలు, వెనక గోడ 13, లోతూ 13. 1796లో రమ్‌ఫోర్డ్ చెప్పిన లెక్క సరిగ్గా ఇదే. పక్క గోడలు ఏటవాలుగా ఉండి సెగని గదిలోకి కొడతాయి. పొగ వెళ్లే గొంతు 4 అంగుళాలు, అంతే. ఆయన ఇనుము వద్దన్నాడు, ఇటుకో రాయో చాలన్నాడు. ఉన్న పొయ్యినే తాపీమేస్త్రీ సరిచేసేయొచ్చు. కొత్త పెట్టె కొనక్కర్లేదు.

కట్టెలమోపు:
పొగ విషయంలో ఒప్పుకుంటా. ఫ్రాంక్లిన్ పొయ్యికి తర్వాతివాళ్లు ఆ కిందికి దిగే దారి తీసేసి, పేరు మాత్రం ఉంచారు. కానీ రమ్‌ఫోర్డ్‌ది ఎదురుగా కూర్చున్నవాడికే వెచ్చదనం. గది మూలన కూర్చున్నవాడి సంగతేంటి? బావగారూ, రాత్రి ఆ గొంతు తెరిచే ఉంచుతారా?

బోస్టన్ బావ:
పైన ఇనుప మూత ఉంది. నిప్పు పూర్తిగా చల్లారాకే వేయాలి, లేకపోతే విషవాయువు. అందుకే ఎవరో ఒకరం మేలుకుంటాం. మర్చిపోయి తెరిచి ఉంచిన రోజు హీటర్ వేడంతా పైకే. ఆ లెక్క తీస్తే మా ఆవిడ మీ వైపే ఉంటుంది.