దోర్నకల్ చర్చి స్తంభాల గురించి ఎలా మాట్లాడాలి?

వచ్చే నెల మా సంఘ యువకుల ముందు ఒక ప్రసంగం చేయాలి. వి.ఎస్. అజరయ్య గురించి ఉత్సాహంగా రాసుకున్నాను. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో ఆయన పాశ్చాత్యుల దానధర్మాలను దాటి స్నేహం అడిగారు. 1912లో ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి సంప్రదాయపు) సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన ఆధ్వర్యంలో కట్టి 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథడ్రల్‌లో (బిషప్ ప్రధాన చర్చిలో) గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసి ఉంటాయి. వలసపాలన నీడను వదిలించుకున్న క్రైస్తవానికి ఇంతకంటే ఉదాహరణ ఏముంటుంది అనుకున్నాను.

మా పెద్దనాన్నకు చదివి వినిపించాను. ఆయన అడిగింది ఒకటే: "మనల్ని గడప తొక్కనివ్వని గుడి స్తంభాలు మనకెందుకురా?"

అక్కడే ఆగిపోయాను. 1980లలో దళిత దైవశాస్త్రానికి బాట వేసిన అరవింద్ నిర్మల్ అడిగిందీ దాదాపు ఇదే. భారతీయ క్రైస్తవ చింతన ఉపనిషత్తులతో సంభాషించింది గానీ, క్రైస్తవ సంఘంలో ఎక్కువమందైన దళితుల బాధతో సంభాషించలేదని ఆయన విమర్శ. అసలు మనం థియాలజీకి (దైవశాస్త్రానికి) వాడే మాటే 'వేదాంతం', అంటే ఉపనిషత్తుల పేరే, చూడండి!

దోర్నకల్ వైపు వారెవరైనా ఉంటే, ఆ కట్టడం గురించి మీ ఇళ్లలో పెద్దలు ఏమనుకునేవారో చెప్పగలరా? ఇంటర్ పిల్లలకు అర్థమయ్యే తెలుగులో దళిత దైవశాస్త్రంపై ఏమైనా చదివారా? 'వలసానంతర' (పోస్ట్‌కలోనియల్) అంటే వాళ్లు ముఖం తేలేస్తున్నారు, ఇంకో మాట ఉంటే అదీ చెప్పండి. ప్రసంగం రోజు పెద్దనాన్న ముందు వరుసలోనే కూర్చుంటారట.