కోళ్లకు అన్నం, నూకలు, పుచ్చకాయ: ఎంతవరకు పెట్టొచ్చు?

మేడమీదకోళ్లు:
హైదరాబాద్‌లో మా మేడ మీద నాలుగు గ్రామప్రియ పెట్టలున్నాయి. లేయర్ దాణా, అంటే గుడ్లు పెట్టే కోళ్లకని తయారుచేసే మేత వేస్తున్నాను, బాగానే గుడ్లు పెట్టేవి. మా అత్తగారు ఊరి నుంచి వచ్చాక పొద్దున నూకలు, మధ్యాహ్నం మిగిలిన అన్నం, సాయంత్రం చపాతీ ముక్కలు. ఇప్పుడవి దాణా ముట్టడం లేదు, ఆవిడ గాజుల చప్పుడు కోసం తలుపు దగ్గర కాపు కాస్తున్నాయి. ఈ వారం రెండు తోలుగుడ్లు వచ్చాయి, పెంకు లేకుండా మెత్తగా. అసలు ఎంత పెట్టొచ్చు?

లేయర్‌షెడ్:
అమ్మా, లెక్క చెప్తాను. పెట్ట రోజుకి 100 నుంచి 120 గ్రాముల మేత తింటుంది, అంతకంటే పొట్టలో చోటు ఉండదు. లేయర్ దాణాలో ప్రోటీన్ 16 శాతం దాకా, కాల్షియం మూడున్నర శాతం పైన ఉంటాయి. బియ్యంలో ప్రోటీన్ ఏడెనిమిది శాతమే, కాల్షియం లేనట్టే. ఒక గుడ్డు పెంకుకే రెండు గ్రాముల కాల్షియం కావాలి, మేతలో అందకపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి పెడుతుంది, కొన్నాళ్లకి అదీ అయిపోయి తోలుగుడ్లు. మేతలో పదో వంతు దాటి ఇంకేదీ పెట్టకండి. అంటే నాలుగింటికీ కలిపి ఒక గుప్పెడు నూకలు, అదీ సాయంత్రం, దాణా తిన్నాక. పచ్చడి కలిపిన అన్నం మాత్రం అసలు వద్దు, ఉప్పు వాటికి పడదు.

గోదారిపెరడు:
మా నాయనమ్మ కాలంలో దాణా అనే మాటే లేదండీ. ధాన్యం చల్లేవారు, నూకలు వేసేవారు, కుండలో తడిపిన గడ్డి, పేడ పెట్టి బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు పట్టేవి, అవి కోడిపిల్లలకి. కోళ్లన్నీ చచ్చిపోయాయా?

లేయర్‌షెడ్:
చావలేదు. ఏడాదికి అరవై గుడ్లు పెడితే గొప్ప. పైగా అవి పొద్దస్తమానం పెంటకుప్పల్లో, చేలగట్ల మీద తిరిగి పురుగు, ఆకు, గులకరాయి ఏరుకునేవి, మీ నాయనమ్మ వేసింది పైతిండి. ఈవిడ కోళ్లు సిమెంటు మీద ఉన్నాయి. ఏం ఏరుకుంటాయి? గ్రామప్రియ అంటే రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు గుడ్ల కోసం తీసిన జాతి, పెరట్లో పెంచినా 150 దాటి పెడుతుంది. అన్ని పెట్టాలంటే తిండి కూడా అలాగే ఉండాలి కదా.

కొత్తకోడి:
పుచ్చకాయ తొక్క వేయొచ్చా? ఎండలకి రొప్పుతున్నాయి.

పెరటిమనిషి:
వేయొచ్చు, అందులో ఉన్నది నీళ్లేగా. పాడవనివ్వకుండా సాయంత్రానికి ఎత్తేయండి, ఈగలు చేరతాయి.

గోదారిపెరడు:
లేయర్‌షెడ్ గారూ, గుప్పెడంటే ఎవరి గుప్పెడు? మా మామయ్య గుప్పెట్లో పావుకిలో పడుతుంది.

లేయర్‌షెడ్:
మీ మామయ్య గుప్పెడు కాదు, కోళ్లు పెంచే మనిషి గుప్పెడు. నలభై గ్రాములు అనుకోండి.

గోదారిపెరడు:
అనుకోండి అంటే ఎలా? మీరే కదా లెక్క చెప్తానన్నది. పందెం కోళ్లకి బాదంపప్పు, జీడిపప్పు, కీమా పెడతారు, వాటికి లేని రోగం నాలుగు మెతుకులకి వస్తుందా?

లేయర్‌షెడ్:
పందెం పుంజు గుడ్డు పెట్టదు సార్. దానికి నడక, ఈత, రోజంతా పని. మేడ మీద కూర్చున్న పెట్టకి అన్నం, చపాతీ పెడితే కొవ్వు పడుతుంది, కాలేయంలో కూడా. ఎండాకాలం మధ్యాహ్నం పైకి దిట్టంగా కనిపించిన కోడే ఉన్నట్టుండి పడిపోతుంది. నేను చూశాను కాబట్టి చెప్తున్నాను. మా షెడ్‌లో దాణా ఖర్చు తగ్గిద్దామని మా బావమరిది నాకు చెప్పకుండా తవుడు, నూకలు కలిపాడు. గుడ్లు సగానికి పడ్డాయి. వ్యాపారి ట్రేలు వెనక్కి పంపాడు, పెంకులు పగులుతున్నాయని. ఆ ఏడాదే షెడ్ మూసేశాం.

గోదారిపెరడు:
ఓహో. అయితే బావమరిది మీది కోపం ఆవిడ అత్తగారి మీద తీర్చుకుంటున్నారన్నమాట.

లేయర్‌షెడ్:
మర్యాదగా మాట్లాడండి. ఎవరి అత్తగారినీ నేను ఏమీ అనలేదు.

గోదారిపెరడు:
అనలేదా? గ్రాములు, శాతాలు చదివి, పెద్దావిడ చేతిలో గిన్నె లాగేసుకోమని చెప్తున్నారు. ఊళ్లో ఇల్లు, పెరడు వదిలి వచ్చిన మనిషి మేడ మీద ఏం చేస్తుంది? మా అమ్మని తమ్ముడు బెంగళూరు తీసుకెళ్లాడు. బాల్కనీలో పావురాలకి బియ్యం వేసిందని అపార్ట్‌మెంట్ వాళ్లు కంప్లైంట్, తమ్ముడి భార్య సణుగుడు. ఎక్కువ రోజులు ఉండలేక వచ్చేసింది, మళ్లీ వెళ్లనంటోంది. గుడ్డు కొట్లో కూడా దొరుకుతుంది.

మేడమీదకోళ్లు:
గోదారిపెరడు గారూ, మీ మరదలి కోపం నా మీదకి తేకండి. ఆవిడ గిన్నె నేనేం లాక్కోలేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఒక మాట చెప్పనా, గుడ్లు పోతే పోనీ. ఈ కోళ్లని పిల్లలుగా తెచ్చి, అట్టపెట్టెలో బల్బు పెట్టి పెంచింది నేను. ఇప్పుడు నేను పిలిస్తే ఒక్కటీ రాదు. నిన్న రాత్రి మా ఆయనతో ఆవిడ అంటోంది, "కోడలు వీటికి పొడి తిండి పెట్టి మాడుస్తోంది, నేను రాకపోతే ఏమయ్యేవో" అని. ఇంట్లో ఒక్కరూ నోరెత్తలేదు.

కొత్తకోడి:
అది చెప్పరేం ముందే 🙂

పెరటిమనిషి:
అక్కా, పెట్టొద్దు అంటే మానరు. పెట్టేది మార్చండి. తోటకూర, మునగాకు కట్ట కట్టి కోళ్ల తల ఎత్తున వేలాడదీయమనండి, గంటసేపు ఎగిరి పొడుస్తాయి, ఆవిడకీ కాలక్షేపం. ఆకే కాబట్టి అన్నంలా దాణా మాన్పించదు. గుడ్డు పెంకులు పెనం మీద వేయించి నలిపి విడిగా గిన్నెలో పెట్టండి, కావలసినవి తింటాయి. ఆ పెంకుల పని కూడా ఆవిడకే ఇవ్వండి.

లేయర్‌షెడ్:
తోటకూరలో ఆక్సలేట్లుంటాయి, కాల్షియాన్ని పట్టేస్తాయి. మునగాకు పర్వాలేదు.

గోదారిపెరడు:
ఇక తోటకూర కూడానా!

మేడమీదకోళ్లు:
మునగచెట్టు కింది అంతస్తు వాళ్లింట్లోనే ఉంది, అడుగుతాను. వంటగది త్రాసు మీద తూచాను, నా గుప్పెట్లో నూకలు 45 గ్రాములు, అత్తగారి గుప్పెట్లో 60.

గోదారిపెరడు:
చూశారా, నేను అడిగింది అదే.

లేయర్‌షెడ్:
దోసిలి పట్టినట్టు తీశారా, వేళ్లు మూసి తీశారా?